మీటరు పాడైన రోజు ఏజెంట్ చెప్పిన అంకె

(భీమవరంలో ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పొద్దున ఉండి వైపు నుంచి వస్తుంటే కాలువ గట్టు పక్కన ఒక స్థలంలో ఇంటికి ముగ్గు పోసి ఉంది. నాలుగు మూలలా మేకులు, వాటికి తాడు, తాడు వెంబడే సున్నం గీతలు. ఒక్క ఇటుక కూడా పడలేదు. కానీ గుమ్మం ఎటు, వంటగది ఎటు అన్నది అప్పటికే తేలిపోయింది. రేపు పునాది తవ్వేవాళ్లు ఆ గీతలు చూసుకునే గునపం వేస్తారు. ఏఐ ఏజెంట్ ప్రాజెక్టుకు టెంప్లేట్ అంటే ఆ ముగ్గే.

ముందు ఏజెంట్ సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మామూలు చాట్‌బాట్ మనం అడిగినదానికి జవాబిచ్చి ఊరుకుంటుంది. ఏజెంట్‌కైతే ఒక పని అప్పజెబుతాం, కొన్ని టూల్స్ చేతికిస్తాం. ఫైలు చదవడం, లెక్క కట్టడం, మెసేజ్ పంపడం లాంటివి. ఇప్పుడు ఏ టూల్ వాడాలో మోడల్, అంటే జవాబులు రాసే ఏఐ, చెబుతుంది. ప్రోగ్రామ్ ఆ టూల్ నడిపి, వచ్చిన ఫలితాన్ని మళ్లీ మోడల్‌కే ఇస్తుంది. అది చూసి మోడల్ తర్వాత ఏం చేయాలో చెబుతుంది. పని పూర్తయ్యేదాకా ఇదే చుట్టు.

దీన్ని ఖాళీ ఫోల్డర్ నుంచి మొదలుపెడితే అసలు పనికి వచ్చేసరికే రెండు రోజులు పోతాయి. అందుకే కమాండ్ లైన్ టూల్స్ వచ్చాయి. క్రూఏఐ, లాంగ్‌గ్రాఫ్, గూగుల్ ఏడీకే అని ఏజెంట్లు తయారుచేసే టూల్‌కిట్లు ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో కమాండ్. టెర్మినల్ తెరిచి 'క్రూఏఐ క్రియేట్ క్రూ' అని కొట్టి, పక్కన ప్రాజెక్టు పేరు ఇస్తే చాలు, ఫోల్డర్ తయారు. లాంగ్‌గ్రాఫ్‌లో 'లాంగ్‌గ్రాఫ్ న్యూ', గూగుల్ ఏడీకేలో 'ఏడీకే క్రియేట్'. ఈ పద్ధతి ఏజెంట్లతో పుట్టింది కాదు. పైథాన్ వాళ్లు టెంప్లేట్ నుంచి ప్రాజెక్టు తయారుచేసే కుకీకట్టర్‌ను 2013 నుంచి వాడుతున్నారు. అందులో టెంప్లేట్ ఫైళ్లలో మనం నింపాల్సిన చోట జంట ఫ్లవర్ బ్రాకెట్లు ఉంటాయి. టూల్ మనల్ని ప్రశ్నలడిగి, మనం చెప్పిన జవాబులను ఆ బ్రాకెట్ల చోట పెట్టి, మన పేరుతో ప్రాజెక్టు చేతికిస్తుంది.

అలా వచ్చిన ఫోల్డర్‌లో మీరు చూసేవి మామూలు ఫైళ్లే. ప్రాజెక్టుకు ఏ లైబ్రరీలు కావాలో రాసే ఫైలు ఒకటి. ఏజెంట్ ఎవరు, దాని లక్ష్యం ఏమిటి, ఏ పని చేయాలి అని మామూలు వాక్యాల్లో రాసే ఫైళ్లు రెండు మూడు. చుక్కతో మొదలయ్యే ఈఎన్‌వీ అనే ఫైలు, అందులో ఏపీఐ కీ, అంటే మోడల్ వాడుకోవడానికి మనకిచ్చే రహస్య కోడ్. ఆ కీ ఉన్న ఫైలు, కోడ్ మార్పులన్నీ దాచే గిట్‌లోకి వెళ్లకుండా ఆపే గిట్ఇగ్నోర్ ఫైలు. చివరి ఫైలు దాని ముందున్న ఫైలుకు కాపలా అన్నమాట. ఆ కాపలా ఉందో లేదో తప్పకుండా చూసుకోండి. కీ ఒక్కసారి గిట్‌హబ్‌లో బయటపడ్డాక ఫైలు తీసేసినా లాభం లేదు, పాత కమిట్‌లో అది అలాగే ఉంటుంది. కీ రద్దుచేసి కొత్తది తీసుకోవాల్సిందే.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. అసలు దానికోసమే వచ్చాను.

మా బాబాయికి ఆకివీడు దగ్గర వెనామీ రొయ్యల చెరువుంది. రోజూ పీహెచ్, ఉప్పు శాతం, డీవో నోట్‌బుక్‌లో రాసుకుంటాడు. డీవో అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్ అని ఇక్కడ చిన్నపిల్లాడికి కూడా తెలుసు. రాత్రంతా నాచు ఆక్సిజన్ ఇవ్వదు, పైగా చెరువులో ఉన్నవన్నీ దాన్నే పీల్చుకుంటాయి. అందుకే తెల్లారగట్ల డీవో బాగా పడిపోతుంది. ఆ వేళ నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే రొయ్యలు పైకి తేలతాయి, చూస్తుండగానే పంట పోతుంది.

ఆ కొలతలు చదివి పొద్దున్నే బాబాయికి తెలుగులో మెసేజ్ పంపే ఏజెంట్ తయారుచేద్దామనుకున్నాను. ఒక టెంప్లేట్ తీసుకుని, పేరు మార్చి, టూల్ రాసి, ఒక్క సాయంత్రంలో నడిపించాను. వారం బాగానే నడిచింది. తర్వాత ఒక రోజు బాబాయి ఫోన్ చేశాడు.

"ఏరా, మీటరు పాడై మూడు రోజులైంది. డీవో 5.2 ఉంది, ఒక ఏరేటర్ ఆపుకోవచ్చు అని పంపావు. ఈ అంకె నీకెవరు చెప్పార్రా?"

నా ఒళ్లు చల్లబడిపోయింది. బాబాయికి ముప్పై ఏళ్ల అనుభవం ఉంది కాబట్టి మెసేజ్ నమ్మలేదు, ఏరేటర్ ఆపలేదు. కొత్తగా చెరువు వేసినవాడైతే?

ఆ రాత్రి కోడ్ అంతా వెతికాను. తప్పు కోడ్‌లో లేదు. పని వివరించే ఫైలులో, నమూనా కోసం టెంప్లేట్‌లో పెట్టిన వాక్యం అలాగే ఉండిపోయింది. ఫలితం పది అంశాల జాబితాగా ఉండాలి అని. నేను ఆ ఫైలు పూర్తిగా చదవనే లేదు. చేతిలో ఉన్నవి రెండు కొలతలు, అడిగింది పది అంశాలు. మిగతావి మోడల్ తనే కల్పించింది.

ఆ వాక్యం తీసేసి, 'ఉన్న కొలతల గురించే చెప్పు, లేని కొలతకు కొలవలేదు అని రాయి' అని మార్చాను. అది మాత్రమే సరిపోదు. మోడల్‌కు మాటతో చెబితే ఎక్కువసార్లు వింటుంది, ప్రతిసారీ వింటుందని పూచీ లేదు. అందుకని మెసేజ్ వెళ్లేముందు ఒక చిన్న పైథాన్ ఫంక్షన్ పెట్టాను. మెసేజ్‌లోని ప్రతి అంకె ఆ రోజు నోట్‌బుక్ కొలతల్లో ఉందా అని అది చూస్తుంది. ఒక్కటి లేకపోయినా మెసేజ్ ఆగిపోతుంది. ఏరేటర్ ఆపమనే సలహా అయితే ఏజెంట్ పరిధిలోంచే తీసేశాను.

టెంప్లేట్‌లో ఇలాంటి నిర్ణయాలు ఇంకా ఉంటాయి. ఏ మోడల్ వాడాలి, చుట్టు ఎన్నిసార్లు తిరగాలి, ఏ టూల్‌కు ఎంత అధికారం. అవన్నీ ఇంకెవరో, ఇంకే అవసరానికో పెట్టినవి. మేస్త్రి ముగ్గు పోశాక ఇంటివాళ్లు వచ్చి గదుల్లో నడిచి చూసుకుంటారు కదా, గునపం పడకముందే మనం కూడా అలా నడిచి చూడాలి.

తర్వాత నేను సొంత టెంప్లేట్ చేసుకున్నాను. మీరు కూడా చేసుకోండి, కష్టమేమీ కాదు. కుకీకట్టర్‌లో ప్రశ్నలన్నీ ఒకే జేసన్ ఫైలులో ఉంటాయి. నా దాంట్లో ప్రాజెక్టు పేరు తర్వాత రెండో ప్రశ్న: 'సమాచారం లేనప్పుడు ఏజెంట్ ఏం చెప్పాలి?' మూడోది: 'ఈ ఏజెంట్ ఎప్పుడూ చేయకూడని పని ఏది?' అంకెలు చూసే ఫంక్షన్ దాంతోపాటే వచ్చేస్తుంది. ఒకటి రెండు ప్రాజెక్టులు అయ్యాక కుకీకట్టర్ లాంటిదే ఇంకో టూల్, కాపియర్‌కు మారాను. అది మన జవాబులను ఒక ఫైలులో దాచుకుంటుంది. టెంప్లేట్‌లో ఏదైనా సరిచేస్తే, 'కాపియర్ అప్‌డేట్' కొట్టి ఆ మార్పును పాత ప్రాజెక్టుల్లోకీ తెచ్చుకోవచ్చు. బాబాయి చెరువు దగ్గర నేర్చుకున్నది కడియం నర్సరీ కోసం రాసిన ఏజెంట్‌కూ అలాగే వెళ్లింది.

ఇక ల్యాబ్‌లోకి వెళ్దాం. మీకు నచ్చిన టూల్‌తో ప్రాజెక్టు సృష్టించండి. మొదటి అరగంట రన్ చేయకండి. ప్రతి ఫైలూ తెరిచి, మీరు పెట్టని నిర్ణయం కనిపించినచోటల్లా ఒక కామెంట్ రాయండి. ఇద్దరిద్దరు కూర్చుని, ఒకరి కామెంట్లు ఇంకొకరు చదవండి. అరగంట అయ్యాక నేను మీ దగ్గరికొస్తాను, ఆ కామెంట్ల నుంచే మొదలుపెడదాం.