దిష్టి తగిలిన ఊరు: టర్కీ కొండల్లో షిరింజె

నమస్కారమండీ. ఈ వీడియో ఒక దిష్టి కథతో మొదలుపెడతాను.

మన వైపు పుట్టిన పిల్లలు దక్కకుండా పోతుంటే, ఆ తర్వాత పుట్టినవాడికి పెంటయ్య అనో పుల్లయ్య అనో పేరు పెట్టేవాళ్లు కదా. పేరు వికారంగా ఉంటే ఏ పాడుకన్నూ పడదని. ఇప్పుడు మీరు చూస్తున్న ఈ ఊరు కూడా అదే పని చేసింది. టర్కీలో ఇజ్మీర్‌కి దక్షిణంగా, సెల్చుక్ అనే చిన్న పట్నం నుంచి ఎనిమిది కిలోమీటర్లు కొండెక్కితే వస్తుంది. పేరు షిరింజె. ముచ్చటైనది అని అర్థం. కానీ వందేళ్ల కిందటి దాకా దీని పేరు చిర్కింజె. ‘చిర్కిన్’ అంటే వికారం. మొదట కొండెక్కి కాపురం పెట్టినవాళ్లను కింద జనం ‘పైన ఎలా ఉందయ్యా?’ అని అడిగితే ‘అబ్బే, చూడలేం’ అనేవాళ్లట, వెనకాలే ఎవరూ ఎక్కి రాకుండా. ఇది ఊళ్లో చెప్పుకునే కథ, శాసనమేం కాదు. 1920ల్లో ఇజ్మీర్ గవర్నర్ కాజిమ్ దిరిక్ చూసి, ఇంత చక్కని ఊరికి ఆ పేరేంటని మార్పించాడు. అంతే, దిష్టి తగిలింది. ఆదివారం మధ్యాహ్నం ఈ సందులు చూడండి, కాలు పెట్టడానికి సందు లేదు.

అందుకే ముందే చెబుతున్నా. అందరూ పొద్దున సెల్చుక్ పక్కనున్న పాత రోమన్ నగరం ఎఫెసస్ శిథిలాలు చూసి, భోజనం వేళకి ఇక్కడికొచ్చి, రెండు గంటల్లో వైన్ సీసాలు సంచిలో వేసుకుని దిగిపోతారు. అలా రాకండి. రాత్రి ఉండండి. సాయంత్రం టూరిస్టు బస్సులు దిగిపోయాక గానీ ఈ ఊరు బయటికి రాదు.

మేం మే నెల చివర్లో వెళ్లాం. మేం అంటే అమ్మ, నేను. సెల్చుక్ బస్టాండులో దోల్ముష్ ఎక్కాం. దోల్ముష్ అంటే ‘నిండింది’ అని అర్థం. మన షేర్ ఆటోకి ఇంతకన్నా మంచి పేరు దొరకదు. పేరుకి తగ్గట్టే నిండాకే కదిలింది. ఒక కుర్రాడు లేచి ‘తెయ్జె, తెయ్జె’ అంటూ అమ్మకి సీటిచ్చాడు. తెయ్జె అంటే అమ్మ తోబుట్టువు. మనం ముక్కూ మొహం తెలియనావిడని ‘పిన్నిగారూ’ అన్నట్టే. అమ్మకి ఆ ముక్క నచ్చేసింది. నాలుగు రోజులూ ఎవరు తెయ్జె అన్నా వెనక్కి తిరిగి చూసేది.

దారి పొడుగునా ఆలివ్ చెట్లు, అంజూర చెట్లు, పీచ్ తోటలు, మధ్యమధ్యలో ద్రాక్ష. కెమెరా దగ్గరికి తీసుకెళ్తాను చూడండి, దీనికి పందిరి లేదు. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల, మేడ్చల్ వైపు అనాబెషాహి తోటలు చూసినవాళ్లకి ద్రాక్ష అంటే తలపైన పందిరి, దానికి వేలాడే గుత్తులు. ఇక్కడ మోకాలెత్తు మొద్దు, దాని చుట్టూ నాలుగు కొమ్మలు, అంతే. చలికాలం ఆకంతా రాల్చి మోడై నిద్రపోతుంది, వసంతంలో చిగురిస్తుంది. మన దగ్గర దానికి నిద్రే లేదు. అందుకే మన రైతు ఏటా రెండుసార్లు కొమ్మలు కత్తిరించి ఒక్క కాపు తీసుకుంటాడు. మేం వెళ్లినప్పుడు పిందెలు మిరియపు గింజంత ఉన్నాయి. ఆకులు మాత్రం అప్పుడే కోసేస్తున్నారు. వాటిలో బియ్యం చుట్టి ఉడికిస్తారు. ఆ మేడ్చల్ తోటల్లో ఇప్పుడు ఏం కాస్తున్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు, ప్లాట్లు కాస్తున్నాయి.

ఇక ఈ ఊరు సీసాల్లో అమ్మేది చాలావరకు ద్రాక్ష వైన్ కాదండోయ్. పళ్ల వైన్లు. దానిమ్మ, మల్బరీ, పీచ్, బ్లాక్‌బెర్రీ. ప్రతి దుకాణం ముందూ చిన్న గ్లాసుల్లో రుచికి పోస్తారు. నా మాట అడిగితే, ముప్పావు వంతు దగ్గు మందు తాగినట్టే ఉంటాయి. తీపి, మళ్లీ తీపి. అమ్మేమో దానిమ్మ గ్లాసు అందుకుని, ‘రసమేగా?’ అంటూనే ఒక గుక్క వేసేసింది. నేను నోరు తెరిచేలోపే అయిపోయింది. ‘ఒరేయ్, ఇది పులిసిందిరా’ అంది. ‘అవునమ్మా, అందుకే అమ్ముతున్నారు’ అన్నాను. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. ఈ సంగతి వీడియోలో పెట్టడానికి ఆవిడ అనుమతి ఉంది, మీరు కంగారు పడకండి. అసలు ద్రాక్ష రుచి కావాలంటే ‘బోర్నోవా మిస్కెటి’ అని అడగండి. అది ఈ ఇజ్మీర్ ప్రాంతపు తెల్ల ద్రాక్ష, ముక్కుకి ముందు పువ్వు వాసన తగులుతుంది. రాత్రి పదింటికి దుకాణాల్లో మందు అమ్మకం బంద్, పొద్దున ఆరింటి దాకా అమ్మరు. దేశమంతటా ఇదే చట్టం.

భాష రాదని భయపడకండి. హైదరాబాదీ హిందీ చెవిన పడ్డవాళ్లకి సగం తెలిసిన ఊరిలాగే ఉంటుంది. దుకాణం ‘దుక్కాన్’, చాయ్ ‘చాయ్’, బాదం ‘బాదెమ్’, మైదానం ‘మెయ్దాన్’. బిల్లు కావాలంటే ‘హెసాప్’. మన హిసాబే. దిష్టి ‘నజర్’. అదిగో ఆ నీలం గాజు కళ్లు, ప్రతి గుమ్మానికీ కట్టినవి, అవే నజర్ పూసలు. మనం గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కడతాం. వాళ్లు కన్నుకి కన్ను అడ్డం పెడతారు.

2012 డిసెంబరు 21 గుర్తుందా? మాయన్ కేలండర్ అయిపోతోంది, లోకం మునిగిపోతోందని గోల. అప్పుడు బతికి బయటపడే చోట్లలో ఫ్రాన్స్‌లో బుగరాష్ ఒకటి, ఇక్కడ షిరింజె ఒకటి అని పుకారు లేచింది. పోలీసులు వచ్చారు, వేలమంది జనం వస్తారనుకున్నారు. తీరా చూస్తే వచ్చినవాళ్లలో విలేకరులే ఎక్కువ. ఊరివాళ్లు ఊరుకుంటారా, ‘కియామెత్’ పేరుతో వైన్ అమ్మారు. కియామెత్ అంటే మన ఖయామత్, ప్రళయం.

కానీ ఈ ఊరికి ప్రళయం అంతకు తొంభై ఏళ్ల ముందే వచ్చిపోయింది. ఈ ఇళ్లు చూడండి. రెండంతస్తులు, సున్నం కొట్టిన గోడలు, ఎర్ర పెంకులు, వరసగా కిటికీలు. కట్టుకున్నవాళ్లు గ్రీకు క్రైస్తవులు. 1922లో గ్రీసు-టర్కీ యుద్ధం ముగిసేసరికి పారిపోయినవాళ్లు పారిపోయారు. 1923 జనవరిలో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో గ్రీసు, టర్కీ సంతకాలు పెట్టి జనాన్ని మార్చుకున్నాయి. పన్నెండు లక్షల దాకా క్రైస్తవులు అటు, నాలుగు లక్షల దాకా ముస్లింలు ఇటు. లెక్క మతాన్ని బట్టే, మాట్లాడే భాషని బట్టి కాదు. గ్రీసు నుంచి వచ్చిన ముస్లిం కుటుంబాలు ఈ ఖాళీ ఇళ్లలో దిగాయి. ఇక్కడి నుంచి వెళ్లినవాళ్లు గ్రీసులో కతెరిని దగ్గర ఊరు కట్టుకుని ‘నెయా ఎఫెసోస్’ అని పేరు పెట్టుకున్నారు. కొత్త ఎఫెసస్ అన్నమాట. ఊరి పైన సెయింట్ జాన్ చర్చి లోపలికి వెళ్తే గోడల మీద రంగులు పెచ్చులుగా రాలి ఉన్నాయి. ముఖాలు పోయాయి, అంచుల్లో నీలం మిగిలింది.

సరే, ఎఫెసస్. విదేశీయులకి టికెట్ మేం వెళ్లినప్పుడు 40 యూరోలు. అవును, మన డబ్బుల్లో లెక్క వేసుకుంటే గుండె ఆగుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లతో వెళ్తే ఎగువ గేటు దగ్గర దిగండి, మొత్తం దిగుడే. తెరిచే వేళకే వెళ్లండి, పది దాటితే పాలరాయి మీద ఎండ కింద నుంచి కూడా కొడుతుంది. ఆ రాయి అడుగులు పడీ పడీ నునుపు తేలిపోయింది. కాలు జారకుండా కొన్ని చోట్ల అడ్డంగా గాట్లు కొట్టారు, రోలు గంటు కొట్టినట్టు. అమ్మ ఆ గాట్లు చూసుకునే నడిచింది.

సెల్సస్ గ్రంథాలయం మీరు ఫొటోల్లో చూసిందే. సెల్సస్ అనే రోమన్ అధికారి జ్ఞాపకంగా ఆయన కొడుకు కట్టించాడు, తండ్రి సమాధి దాని కిందే ఉంది. ఇప్పుడు కనిపించే ముఖభాగాన్ని పడిపోయిన ముక్కలు ఏరి 1970ల్లో మళ్లీ నిలబెట్టారు. దాని ముందు సెల్ఫీల కోసం క్యూ. నేను ఎక్కువ చెప్పను.

నేను చెప్పాలనుకుంది ఈ రోడ్డు గురించి. ఇరవై అయిదు వేల మంది పట్టే రంగస్థలం పై మెట్ల మీద కూర్చుంటే ఎదురుగా కనిపిస్తుంది. నిటారుగా అర కిలోమీటరు, అటూ ఇటూ స్తంభాలు. రాత్రిళ్లు దీపాలు వెలిగేవట ఈ వీధిలో. తిన్నగా వెళ్లి తుంగలో ఆగిపోతుంది. అక్కడ రేవు ఉండేది. కైస్టర్ నది మట్టి తెచ్చి తెచ్చి పోస్తుంటే, రోమన్లు తవ్వి తవ్వి తీశారు. చివరికి నదే గెలిచింది. సముద్రం ఇప్పుడు కిలోమీటర్ల అవతల ఉంది. రేవు పోయాక వ్యాపారం పోయింది, బురదలో దోమలు, జ్వరాలు. జనం మెల్లగా ఖాళీ చేశారు. వాళ్లలో కొందరు కొండెక్కి షిరింజె కట్టుకున్నారని ఊరివాళ్ల నమ్మకం.

అమ్మ చాలాసేపు ఆ తుంగ వైపే చూసింది. ‘మన ఘంటసాలలాగే ఉందిరా’ అంది. అమ్మ పుట్టింది కృష్ణా జిల్లాలో ఘంటసాల పక్క ఊళ్లో. రెండో శతాబ్దంలో గ్రీకు పండితుడు టాలెమీ తన భూగోళ గ్రంథంలో రాసిన ‘కొంటకొస్సుల’ అదేనని చరిత్రకారులు చెబుతారు. బౌద్ధ స్తూపం ఉన్న ఊరు, పేరున్న రేవు. ఇప్పుడు వెళ్లి చూడండి, చుట్టూ వరి చేలు. అమ్మ చిన్నప్పుడు నుయ్యి తవ్వితే గవ్వలు పడేవట. ‘సముద్రం చెప్పి పోదు’ అంది, మోకాలు నొక్కుకుంటూ.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తా. షిరింజె నుంచి ఒక కిలోమీటరు నడిస్తే ‘గణిత గ్రామం’ వస్తుంది. అలీ నెసిన్ అనే లెక్కల ప్రొఫెసర్ 2007లో మొదలుపెట్టాడు. రాతి కట్టడాలు, చెట్ల కింద నల్లబల్లలు, పిల్లలు వంతులేసుకుని గిన్నెలు కడుగుతారు. ఆయనకి 2018లో లీలావతి బహుమతి వచ్చింది, లెక్కల్ని మామూలు జనానికి దగ్గర చేసినవాళ్లకి ఇచ్చేది. అవును, మన భాస్కరాచార్యుడి లీలావతి. ఆ బహుమతి మొట్టమొదట ఇచ్చింది 2010లో, హైదరాబాద్‌లో జరిగిన గణిత మహాసభలో.

తిరుగు దారిలో ఆర్టెమిస్ గుడి చూశాం. ప్రపంచపు ఏడు వింతల్లో ఒకటి. స్తంభాలు 127 ఉండేవని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఇప్పుడు ఒకటే, అదీ ముక్కలు పేర్చి నిలబెట్టింది. చుట్టూ నీటి మడుగు, బాతులు. స్తంభం కొన మీద కొంగల గూడు, అందులో రెండు పిల్లలు మెడలు చాచి అరుస్తున్నాయి. అమ్మ చేత్తో నీడ పట్టుకుని చూసి, ‘మిగిలిందే ఒక్కటి. దానికీ అద్దెకొచ్చేశారు చూడు’ అంది.