లారీలో కొత్త శబ్దం: ఎక్కడిదో పట్టుకోవడం ఎలా

నమస్కారం. నిన్నటిదాకా లేని చప్పుడు ఇవాళ మీ లారీలో మొదలైందనుకోండి. ముందు నుంచా, వెనక నుంచా అని చెవులు రిక్కించి వింటారు. ఆ ప్రశ్న కాసేపు పక్కన పెట్టండి. చాసిస్ మొత్తం ఇనుము కదా, వెనక హబ్‌లో, అంటే చక్రం నడిమి భాగంలో, పుట్టిన శబ్దం దాని గుండా పాకి మీ సీటు కిందే వస్తున్నట్టు వినిపిస్తుంది. అందుకే మనం ముందు చూడాల్సింది ఒక్కటే: ఆ శబ్దం దేనితో పాటు మారుతోంది? ఇంజిన్‌తోనా, చక్రంతోనా?

ఇప్పుడు నేను చేసేది చూడండి. రోడ్డు ఖాళీగా ఉంది, 40లో వెళ్తున్నాను. ఒక గేరు తగ్గించి, స్పీడు మాత్రం అదే 40లో ఉంచుతున్నాను. ఇంజిన్ వేగం పెరిగింది. దాంతో పాటు చప్పుడు కూడా మారిందా? అయితే ఇంజిన్, ఫ్యాన్, బెల్టు, కంప్రెసర్ వైపు వెతకాలి. మారలేదా? అయితే జాయింట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక్కి తిరిగే షాఫ్ట్), క్రౌన్ (వెనక ఇరుసులో చక్రాలను తిప్పే గేరు), హబ్, టైర్లు చూడాలి. తర్వాత బండి ఆపి, న్యూట్రల్‌లో రేస్ ఇచ్చి మరోసారి సరిచూసుకోండి. నడుస్తుండగా మాత్రం న్యూట్రల్ చేయొద్దు. డౌన్‌లో, అంటే దిగుడులో, అలా చేస్తే ఇంజిన్ పట్టు పోయి, లోడంతా బ్రేకుల మీద పడుతుంది.

బండి ఆగి ఉన్నప్పుడే క్లచ్ కూడా తొక్కి చూడండి. తొక్కితే శబ్దం మొదలవుతుందా, క్లచ్‌ను నెట్టే రిలీజ్ బేరింగ్ మీద అనుమానం. తొక్కితే ఆగిపోతుందా, గేర్‌బాక్స్ లోపలి బేరింగ్ మీద.

ఇక చక్రం వైపు వద్దాం. ఇక్కడ చిన్న లెక్క పనికొస్తుంది. పెద్ద లారీ టైరు ఒక్క చుట్టుకి సుమారు 3 మీటర్లు దాటుతుంది. 36 కిలోమీటర్ల స్పీడంటే సెకనుకి 10 మీటర్లు. అంటే చక్రం సెకనుకి దాదాపు 3 చుట్లు. టక్, టక్, టక్ అని మీరు లెక్కపెట్టగలుగుతున్నారంటే అది చక్రంతో తిరుగుతున్నదే. జంట టైర్ల మధ్య ఇరుక్కున్న రాయి కావచ్చు, టైరు ఉబ్బు కావచ్చు. రాయి అయితే వెంటనే ఆపి తీయండి, అది ఎగిరితే వెనకొచ్చే బండి అద్దానికి తగులుతుంది. జాయింట్ మాత్రం చాలా లారీల్లో చక్రం కంటే 4 నుంచి 6 రెట్లు వేగంగా తిరుగుతుంది. ఆ దెబ్బలు లెక్కకు అందవు, కలిసిపోయి అదురులా తెలుస్తాయి. జాయింట్ ముక్కల్ని కలిపే క్రాస్ అరిగితే బండి కదిలేటప్పుడు ఠంగుమంటుంది.

అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టేది జోరీగలా వచ్చే రొద. ఇది హబ్ బేరింగా, టైరా, క్రౌనా? యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఊళలా వచ్చి, వదిలితే తగ్గితే క్రౌన్ వైపు చూడాలి. మొదట క్రౌన్ ఉండే హౌసింగ్‌లో ఆయిల్ మట్టం చూడండి. రోడ్డు నున్నగా మారగానే రొద మారితే అది టైరు. నా బండిలో ఇలాగే రొద వస్తే క్రౌన్ పోయిందని హౌసింగ్ విప్పించాను. రెండు రోజులు బండి ఆగిపోయింది. తీరా చూస్తే వెనక టైర్లు మెట్లు మెట్లుగా అరిగి ఉన్నాయి. అరచేత్తో టైరు మీద నిమిరి ఉంటే ఆ రోజే తెలిసేది. మీకు ఆ నష్టం రాకూడదు, విప్పే ముందు నిమిరి చూడండి.

హబ్ బేరింగ్ అయితే మలుపులో బయటపడుతుంది. కుడికి తిరిగితే బరువు ఎడమ చక్రాల మీదికి వెళ్తుంది. అప్పుడు రొద పెరిగితే మొదట ఎడమ వైపు హబ్‌లను చూడాలి. బండి ఆపి, చెయ్యి తగిలించకుండా దగ్గర పెట్టి, అన్ని హబ్‌ల వేడిని పోల్చండి. ఒక్కటే కాలిపోతుంటే బేరింగో, బ్రేకు పట్టేయడమో. ఏదైనా అలా ముందుకు పోవద్దు.

మెకానిక్ దాకా కూడా నడపకూడని శబ్దాలున్నాయి. ఇంజిన్ కింద నుంచి గట్టిగా సుత్తి దెబ్బల్లా వస్తూ, ఆయిల్ ప్రెషర్ పడిపోతుంటే వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. ఒక్కో దెబ్బకు క్రాంక్ దెబ్బతింటుంది. చక్రం దగ్గర కటకట వస్తే నట్లు చూడండి. నట్టు చుట్టూ తుప్పు గీతలుంటే అది వదులైనట్టే అనుకోండి. బ్రేకుల గాలి విషయంలో, అప్పుడప్పుడు బుస్సుమంటే గాలిలో తేమ తీసే ఎయిర్ డ్రయర్ తన పని చేస్తున్నట్టు. ఆగకుండా బుసకొడుతూ గేజు పడుతుంటే లీకు. ప్రెషర్ ఇంకా తగ్గితే స్ప్రింగ్ బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి, బండి రోడ్డు మధ్యలో నిలిచిపోవచ్చు.

ఇంకొక్కటి గట్టిగా చెప్తున్నాను. ఏ సిలిండర్ కొడుతోందో చూడటానికి కామన్ రైల్ ఇంజిన్‌లో డీజిల్ పైపు వదులు చేయొద్దు. లోపల 1000 బార్‌కు మించిన ప్రెషర్ ఉండొచ్చు, ఆ డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

నడిపేటప్పుడు ఫోను పక్కన కూర్చున్న మనిషికివ్వండి. శబ్దం రికార్డు చేస్తూ స్పీడు, గేరు, లోడు, రేస్ ఇస్తున్నారా వదిలారా అన్నది నోటితో చెప్పమనండి. మెకానిక్‌కి ఆ రికార్డు వినిపించాకే పానా పట్టమనండి.