ఒక రాత్రి, 960 పేజీలు

శ్రోతలకు నమస్కారం.

నిద్రలో మాటిమాటికీ ఊపిరి ఆగే జబ్బును స్లీప్ అప్నియా అంటారు. ఆగిన సంగతి ఆ మనిషికి తెలియదు. పక్కన పడుకున్నవాళ్లకు తెలుస్తుంది. అప్పటిదాకా హోరెత్తిన గురక ఉన్నట్టుండి ఆగిపోతుంది, కాసేపటికి పెద్ద శబ్దంతో మళ్లీ అందుకుంటుంది. అలా ఎన్నిసార్లు ఆగిందో లెక్క తేల్చడమే నా పని. పరిశోధనల కోసం నిద్రను రికార్డు చేసే ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని నేను.

పడుకునే ముందు తలమీద, కళ్ల పక్కన, గడ్డం కింద, కాళ్లమీద ఎలక్ట్రోడ్లు అతికిస్తాం. ముక్కు దగ్గర గాలి ఒత్తిడిని కొలిచే సన్నటి గొట్టం ఒకటి, ఊపిరి వెచ్చదనాన్ని పట్టే సెన్సర్ ఒకటి. ఛాతీకో బెల్టు, పొట్టకో బెల్టు, వేలికి ఆక్సిజన్ క్లిప్పు. "ఇన్ని తీగలతో నిద్రెలా పడుతుందండీ?" అని అడుగుతారు. పడుతుంది, మొదటి రాత్రి కాస్త కలత నిద్రగా ఉంటుంది, అంతే. లైటు తీసేముందు కళ్లు అటూ ఇటూ తిప్పమంటాం, పళ్లు బిగించమంటాం, కాసేపు ఊపిరి బిగపట్టమంటాం. ఏ సెన్సర్ సరిగా పనిచేయడం లేదో అప్పుడే తెలియాలి. తెల్లారాక తెలిసి లాభం లేదు.

స్కోరింగ్ అంటే రాత్రంతటినీ 30 సెకన్ల పేజీలుగా కోసి చదవడం. 8 గంటలకు 960 పేజీలు. ప్రతి పేజీకీ అది మెలకువా, తేలిక నిద్రా, గాఢనిద్రా, కలల నిద్రా అని గుర్తు పెట్టాలి.

ఊపిరి గీత 90 శాతం పడిపోయి కనీసం 10 సెకన్లు అలాగే ఉంటే అది అప్నియా. వెంటనే నా చూపు బెల్టుల గీతలమీదికి పోతుంది. రెండూ కదలకుండా ఉంటే మెదడు నుంచే ఆజ్ఞ రాలేదన్నమాట. అలా కాక ఛాతీ ఒకవైపు, పొట్ట ఒకవైపు లాగుతుంటే గొంతు మూసుకుపోయింది, మనిషి ఊపిరి కోసం పెనుగులాడుతున్నాడు. వేలి దగ్గర ఆక్సిజన్ అప్పుడే పడదు. ఊపిరితిత్తుల నుంచి రక్తం అక్కడిదాకా రావాలి కదా! అందుకే చాలాసార్లు ఊపిరి మళ్లీ అందుకున్నాక ఆ గీత జారుతుంది. ఎన్నేళ్లు చూసినా ఆ జారుడు చూస్తే నాకు గుండె ఝల్లుమంటుంది.

పేచీ అంతా పూర్తిగా ఆగకుండా తగ్గిన ఊపిరితోనే. గాలి కనీసం 30 శాతం తగ్గితే, దానికి తోడు ఆక్సిజన్ 3 శాతం పడినా, మెదడు కొన్ని సెకన్లు మేల్కొన్నా హైపోప్నియాగా లెక్కపెట్టమంటుంది ఒక నియమం. ఇంకో నియమం ఆక్సిజన్ 4 శాతం పడితేగానీ ఒప్పుకోదు. మనిషి ఒకడే, రాత్రి ఒకటే, అంకెలు రెండు. ఏ నియమం వాడారో చెప్పని పరిశోధనను నేను నమ్మలేను.

భాగహారంలోనూ చిక్కుంది. 6 గంటల నిద్రలో 90 సార్లు ఆగితే గంటకు 15, అంటే మధ్యస్థం. మెదడు తరంగాలు చూడని ఇంటి పరికరానికి నిద్ర ఎంతో తెలియదు, అది రికార్డయిన 8 గంటలతో భాగిస్తుంది. అప్పుడు 11 చిల్లర, జబ్బు స్వల్పం అయిపోతుంది!

అందుకే అసలు గీతల్ని భద్రంగా దాచాలి. అమెరికాలో 1995లో మొదలైన స్లీప్ హార్ట్ హెల్త్ స్టడీ 6,000 మందికి పైగా నిద్రను వాళ్ల ఇళ్లలోనే రికార్డు చేసింది. ఆ డేటాను వేరే పరిశోధకులు ఇప్పటికీ తీసి చదువుతున్నారు.

నేను కొత్తగా చేరినప్పుడు ఒక రాత్రి ఒకాయన నిద్రలో ముక్కు రుద్దుకున్నారు. సెన్సర్లు వదులై గీత వస్తూ పోతూ ఉంది. వెళ్లి సరిచేశాను, కానీ ఆ మాట రాయలేదు. మర్నాడు స్కోరింగ్ చేసినావిడ అక్కడ వరసగా అప్నియాలు గుర్తు పెట్టేశారు. ఆక్సిజన్ ఒక్కసారీ పడలేదేమిటని ఆవిడకే అనుమానమొచ్చి నన్ను అడిగారు కాబట్టి సరిపోయింది.

అప్పటినుంచి చీకట్లోనే, ఆ నిమిషంలోనే రాస్తున్నాను: "2.10, ముక్కు గొట్టం జారింది, సరిచేశాను."