లోపం కూడా తూచా తప్పకుండా: కమడోర్ 64 మళ్లీ పుట్టిన కథ

[తెర: గోధుమరంగు కీబోర్డు. స్విచ్ వేయగానే నీలం తెర, దాని మీద ఖాళీ మెమరీ ఎన్ని బైట్లో చెప్పే 38911 అంకె.]

చూడ్డానికి 1982 నాటి ఇంటి కంప్యూటర్ కమడోర్ 64. కానీ మూత తీస్తే ఆ కాలపు చిప్ ఒక్కటీ కనిపించదు. అయినా ఆనాటి ఆటలు ఆడుతుంది, ఆనాటి సంగీతం వినిపిస్తుంది.

ఇలాంటి యంత్రాన్ని రెండు రకాలుగా కడతారు. 2018లో వచ్చిన ద సీ64 మినీలో ఉన్నది ఇప్పటి ప్రాసెసర్, దాని మీద నడుస్తూ పాత కంప్యూటర్‌ని అనుకరించే ఎమ్యులేటర్ సాఫ్ట్‌వేర్. పైనున్న మీటలు అలంకారానికే.

[తెర: ఎఫ్‌పీజీఏ బోర్డు దగ్గరగా.]

పాత కంప్యూటర్లకి కొత్త రూపాలైన అల్టిమేట్ 64, మెగా65, స్పెక్ట్రమ్ నెక్స్ట్‌లది రెండో దారి, ఎఫ్‌పీజీఏ అనే చిప్. ఇందులో లాజిక్ గేట్లు, అంటే 0, 1లతో పనిచేసే చిన్న సర్క్యూట్లు, ఖాళీగా ఉంటాయి. ఏది దేనితో కలవాలో రాసిస్తే ఆ ప్రకారం కలుస్తాయి. పాత బోర్డు మీద లాగే ప్రాసెసర్, గ్రాఫిక్స్, సౌండ్ అన్నీ ఒకే క్లాక్‌కి కలిసి అడుగేస్తాయి.

అయితే అసలు కష్టం ఇక్కడ లేదు. పాత చిప్‌ల లోపాలను తిరిగి తేవడంలో ఉంది!

సౌండ్ చిప్ సిడ్‌నే తీసుకోండి. తొలి రకం 6581లో వాల్యూమ్ మార్చిన ప్రతిసారీ స్పీకర్‌లో 'టిక్' అంటుంది. అది లోపమే. ప్రోగ్రామర్లు ఆ వాల్యూమ్‌ను సెకనుకు వేలసార్లు మార్చి, ఆ టిక్కులతోనే మాటలు, డ్రమ్ములు పలికించారు. తర్వాత వచ్చిన 8580లో లోపం సరిచేశారు. దాంతో ఆ డ్రమ్ములు వినీవినపడకుండా పోయాయి.

[తెర: నీలం అంచులోకి జారుతున్న బొమ్మ.]

గ్రాఫిక్స్ చిప్‌దీ అదే కథ. తెరలో 25 అక్షరాల వరసలుంటే కింది అంచు ఒకచోట మొదలవుతుంది, 24 ఉంటే కాస్త ముందే. తెర గీస్తూ 24 వరసల చోటు దాటిపోయాక, 25 వరసల చోటు రాకముందు '24' అని చెప్పామా, చిప్ ఎప్పుడో దాటిపోయిన గీత కోసం చూస్తుంది. అంచు గీయనే గీయదు! ఆ ఖాళీలో బొమ్మలు ఆడించారు. కొత్త యంత్రం సమయం కొద్దిగా తప్పినా ఈ కిటుకు పారదు.

ఎఫ్‌పీజీఏ అంటే చాలు, అచ్చం అసలుదే అని చాలామంది నమ్ముతారు. నేను ఒప్పుకోను. రాసినవాళ్లకి పాత చిప్ ఎంత అర్థమైందో, ఎఫ్‌పీజీఏకి అంతే తెలుస్తుంది. శ్రద్ధగా రాసిన ఎమ్యులేటర్, అరకొరగా రాసిన ఎఫ్‌పీజీఏ కన్నా ఎంతో నయం. ఆ అర్థం చేసుకోవడానికే కొందరు 6502 ప్రాసెసర్ పైపొర ఒలిచి, ఫొటోలు తీసి, సుమారు 3,500 ట్రాన్సిస్టర్లను ఒక్కొక్కటిగా గుర్తించారు. కమడోర్ 64లోని 6510 దానికి తోబుట్టువే. ఇంత ఓపిక పట్టినవాళ్లకి చేతులెత్తి మొక్కాలి.

సిడ్‌లో శబ్దాన్ని మలిచే ఫిల్టర్ మాత్రం అనలాగ్, అంటే 0, 1లతో కాక విద్యుత్ హెచ్చుతగ్గులతో పనిచేసేది. ఒకే రకం చిప్‌లు రెండు తెచ్చినా ఒకేలా పలకవు. అందుకే అల్టిమేట్ 64లో పాత సిడ్ పెట్టుకునేందుకు సాకెట్లు ఇచ్చారు.

[తెర: సాకెట్‌లో కూర్చుంటున్న పాత చిప్.]

ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. ఒకే డ్రమ్ముల ముక్క, ముందు పాత చిప్ మీద, వెంటనే ఎఫ్‌పీజీఏ మీద.