చక్రాలూ ట్రైలరూ ఒకే లెక్క: బాగు చేసిన మిలిటరీ ట్రక్ ట్రాక్టర్‌కు జోడీ కుదర్చడం
(నల్లగొండలో పాత బండ్ల యజమానులు, లారీ మెకానిక్కుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. సూర్యాపేట, మిర్యాలగూడ, జడ్చర్ల దాకా నుంచి పని వదులుకుని వచ్చిన మెకానిక్కు అన్నలకు ప్రత్యేకంగా దండాలు. ఇవాళ చెప్పబోయేదంతా చివరికి మీ చేతుల మీదుగా జరగాల్సిన పనే.

పాత మిలిటరీ ట్రక్ ట్రాక్టర్‌ను, అంటే వెనక ట్రైలర్ తగిలించుకుని లాగే లారీని, బాగు చేసేవాళ్లు ఇంజిన్ మీద, గేర్‌బాక్సు మీద ఏళ్లు పెడతారు. ఇంజిన్ మోగుతుంది, ఆకుపచ్చ రంగు పడుతుంది. ఆ సంబరంలో కంటికి గంభీరంగా కనిపించే పెద్ద టైర్లు కొంటారు. ట్రైలర్ సంగతి ఆ తర్వాత చూద్దాంలే అనుకుంటారు. తప్పంతా ఆ వరుసలోనే ఉంది. టైరు వ్యాసం మారితే ఫిఫ్త్ వీల్ పలక (ట్రాక్టర్ వెనక, ట్రైలర్ ముందు భాగం ఆని తిరిగే పలక) ఎత్తు మారుతుంది, లాగే బలం మారుతుంది, బ్రేకు పట్టు కూడా మారుతుంది. కాబట్టి చక్రాలనూ ట్రైలర్‌నూ ఒకే కాగితం మీద, ఒకే రోజు లెక్క వేసుకోవాలి. అప్పటిదాకా ఒక్క రూపాయి కూడా బయటికి తీయొద్దు.

ఉదాహరణకు అమెరికా సైన్యం వాడిన ఎం818 ట్రాక్టర్‌ను తీసుకుందాం. 1970ల్లో ఏఎం జనరల్ తయారు చేసిన 5 టన్నుల తరగతి బండి. ఆరు చక్రాల చోట్లకూ డ్రైవ్ ఉంటుంది. 14 లీటర్ల కమిన్స్ ఇంజిన్, 240 హార్స్‌పవర్, 5 గేర్లు. టైర్లు 11.00-20 సైజువి (వెడల్పు సుమారు 11 అంగుళాలు, రిమ్ము వ్యాసం 20 అంగుళాలు), ముందు రెండు, వెనక జంటలుగా ఎనిమిది. మీ దగ్గరున్నది వేరే బండి అయినా కొలిచే పద్ధతి ఇదే.

11.00-20 టైరు వ్యాసం దాదాపు 1085 మి.మీ. చాలామంది మనసు పడేది 14.00ఆర్20 మీద. దాని వ్యాసం సుమారు 1250 మి.మీ. తేడా 165, అందులో సగం అంటే 80 మి.మీ.కు పైగా బండి మొత్తం పైకి లేస్తుంది. ఇక 1250ని 1085తో భాగిస్తే 1.15 వస్తుంది. స్పీడోమీటరు 60 చూపిస్తున్నప్పుడు బండి నిజంగా 69లో పోతుంటుంది. గేర్లు మార్చకుండానే చక్రం దగ్గర లాగే బలం 13 శాతం తగ్గుతుంది. దీన్ని చాలామంది ఒప్పుకుంటారు, ‘మనమేం క్వారీ రాయి మోస్తామా’ అంటారు. బ్రేకు సంగతి మాత్రం గుర్తుకు రాదు. డ్రమ్ము అదే, లైనర్ అదే. చక్రం పెద్దదైతే రోడ్డు మీద పడే బ్రేకు బలం కూడా అదే 13 శాతం తగ్గుతుంది. వెనక ట్రైలర్ ఉన్న బండికి ఇది చిన్న విషయం కాదు.

పెద్ద టైర్లను జంటగా వేయడం కూడా కుదరదు. 14.00 టైరు వెడల్పు 375 మి.మీ. దాకా ఉంటుంది. 11.00 జంటకు కావలసిన ఎడంతో చేసిన డిస్కుల మీద రెండు పెద్ద టైర్లు ఎక్కిస్తే పక్కగోడలు రాసుకుని వేడెక్కి పగులుతాయి. అందుకే వాటిని వేసేవాళ్లు వెనక ఒక్కో వైపు ఒక్కో టైరే వేస్తారు, పది టైర్లు ఆరవుతాయి. దానికి 10 అంగుళాల వెడల్పు రిమ్ములు వేరే కావాలి. ఒంటరి ఇరుసుకు నాలుగు టైర్లుంటే మన దేశంలో 2018 సవరణ తర్వాత 11.5 టన్నుల దాకా అనుమతి ఉంది. రెండే టైర్లున్న ఇరుసుకు అంత ఇవ్వరు. టైరు మోయగలిగినా చట్టం ఒప్పుకోదు. పైగా హైవే మీద రాత్రి పూట ఆ టైరు పోతే నార్కట్‌పల్లిలోనో చిట్యాలలోనో ఏ షాపులో దొరుకుతుంది?

నా సలహా సూటిగా చెప్తాను. ట్రైలర్ లాగే ఉద్దేశం ఉంటే 11.00-20 జంట టైర్ల మీదే ఉండండి. టిప్పర్లకు వాడే సైజు కాబట్టి మన దగ్గర కొత్తవి దొరుకుతాయి. అవి కూడా దొరక్కపోతే 10.00-20కి దిగొచ్చు. 7.5 అంగుళాల రిమ్ము రెంటికీ సరిపోతుంది, వ్యాసం మూడు సెంటీమీటర్ల దాకా తగ్గుతుంది. కానీ మారిస్తే పదీ మార్చాలి. ముందు ఇరుసుకు కూడా డ్రైవ్ ఉన్న బండిలో ముందొక సైజు, వెనకొక సైజు వేసి, తారు రోడ్డు మీద ముందు డ్రైవ్ వేస్తే షాఫ్టులు మెలిపడతాయి, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక ఇరుసులకు బలం పంచే గేరు పెట్టె) పళ్లు రాలతాయి. రేడియల్‌నూ నైలాన్‌నూ ఒకే ఇరుసు మీద కలపడం అసలే వద్దు.

జంటలో రెండు టైర్లూ ఒకే ఎత్తు ఉండాలి. గాలి పూర్తిగా పట్టించి, 24 గంటలు ఆగి, టైరు చుట్టూ టేపు తిప్పి కొలవండి. ఈ సైజులో చుట్టుకొలత తేడా 38 మి.మీ. దాటకూడదని నియమం. ఆరు చక్రాల డ్రైవ్ బండికి అందులో సగం లోపే ఉంచుకుంటే మంచిది. తేడా తప్పదనుకుంటే పెద్దదాన్ని బయటి వైపు వేయాలి. రోడ్డు నడుమ ఎత్తుగా, అంచుకు వాలుగా ఉంటుంది కాబట్టి లోపలి టైరు మీదే ఎక్కువ బరువు పడుతుంది.

వేలంలో వచ్చిన మిలిటరీ టైర్లు చూడటానికి కొత్తవాటిలా ఉంటాయి, గుబ్బలు నిండుగా ఉంటాయి. పక్కగోడ మీద నాలుగంకెలు చదవండి. 2309 అంటే 2009లో 23వ వారం. గోదాములో కదలకుండా పడున్న రబ్బరు కూడా ముసలిదవుతుంది. గుబ్బల అడుగున, రిమ్ముకు ఆనే చోట సన్నటి పగుళ్లు కనిపిస్తే అది ప్రదర్శనలో నిలబెట్టడానికే పనికొస్తుంది. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండలో విజయవాడ హైవే మీద ట్రైలర్‌తో పరిగెత్తే టైరు కాదది. గాలి తెల్లవారుజామున, బండి కదలకముందే చూడాలి. ఎండలో నడిచిన టైరులో ఒత్తిడి పెరిగి ఉంటుంది, అది మామూలే. పెరిగిందని గాలి తీస్తే చల్లారాక టైరు మెత్తబడి, మళ్లీ నడిచేటప్పుడు ఇంకా వేడెక్కుతుంది.

ఇప్పుడు ప్రాణాల మీదికి వచ్చే విషయం. ఈ డిస్కులు లాక్ రింగు, అంటే టైరును రిమ్ము మీద పట్టి ఉంచే విడి ఇనుప రింగు, ఉన్నవి. పంక్చరైన చక్రాన్ని ఇరుసు నుంచి విప్పకముందే వాల్వు పిన్ను తీసి గాలి పూర్తిగా వదలాలి. జంట చక్రమైతే రెండింటిలోనూ వదలాలి. రింగు కూర్చునే గాడిలో తుప్పు గుంటలు పడ్డాయా, రింగు వంకర పోయిందా చూసి, అనుమానం ఉంటే రింగు మార్చండి, అతుకు పెట్టకండి. వేరే డిస్కు రింగు దీనికి పట్టినట్టు కనిపించినా వాడకండి. ట్యూబుకు పౌడరు రాసి, రిమ్ము వెడల్పుకు తగిన కొత్త ఫ్లాపు (ట్యూబుకూ రిమ్ముకూ మధ్య ఉండే రబ్బరు పట్టీ) వేయండి. పాత ఫ్లాపు అంచు మడతపడితే ట్యూబును కొరికేస్తుంది. గాలి నింపేటప్పుడు ఇనుప బోను తప్పనిసరి. పొడుగు పైపు, వాల్వుకు దానంతటదే పట్టుకుని ఉండే నాజిల్ పెట్టి, మనిషి పక్కకు నిలబడాలి. గాలి ఎక్కుతుండగా రింగు సర్దుకోవడానికి సుత్తితో కొట్టడం మన షాపుల్లో ఇంకా ఉంది. దయచేసి ఆపండి. రింగు ఎగిరితే మనిషి మిగలడు. ఉండాల్సిన గాలిలో 80 శాతం కన్నా తక్కువతో నడిచిన టైరును అలాగే మళ్లీ నింపొద్దు, విప్పి లోపల చూశాకే నింపాలి.

నట్ల దగ్గర కొంచెం ఆగుదాం. ఎం818 హబ్బుకు పది స్టడ్లు, పీసీడీ (స్టడ్ల మధ్యల గుండా పోయే వలయం వ్యాసం) 285.75 మి.మీ. ఇప్పటి హెవీ హబ్బుల్లో ఎక్కువగా కనిపించే పది స్టడ్ల కొలత 335 మి.మీ. ఎదురెదురు స్టడ్ల మధ్య నుంచి మధ్యకు కొలిస్తే తెలిసిపోతుంది. పది రంధ్రాలు రెంటికీ ఉన్నాయి కదా అని డిస్కులు కొనేసి తెచ్చుకోకండి. పాత పద్ధతి జంట చక్రంలో లోపలి డిస్కును బోలుగా ఉండే లోపలి నట్టు పట్టుకుంటుంది, దాని మీది మరల్లో బయటి నట్టు ఎక్కుతుంది. ఎడమవైపు ఎడమ మర, కుడివైపు కుడి మర. స్టడ్డు కొనమీద అక్షరం చెక్కి ఉంటుంది. బయటి నట్టు ఎంత బిగించినా లోపలిది వదులుగా ఉంటే బయటికి కనబడదు. అందుకే ఒక్కో స్టడ్డు దగ్గర బయటిది వదులు చేసి, లోపలిది బిగించి, మళ్లీ బయటిది బిగించాలి. అన్నీ ఒకేసారి వదులు చేయొద్దు. బిగింపు 610 నుంచి 680 న్యూటన్ మీటర్లు, మరలకు నూనె గానీ గ్రీజు గానీ రాయకుండా. టార్కు రెంచి లేని చోట నట్టు మధ్య నుంచి ఒక మీటరు దూరంలో పైపు కొన మీద 65 కిలోల బరువు వేస్తే దాదాపు 640 పడుతుంది. బండి 80 నుంచి 160 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాలి.

బాగు చేసిన బండ్లకే వచ్చే జబ్బు ఒకటుంది. యజమాని ప్రేమతో డిస్కుకు మూడు పూతల రంగు వేయిస్తాడు, రెండు డిస్కులూ ఆనే ముఖాల మీద కూడా. నట్టు కూర్చునే గుంటల్లో కూడా. బరువు పడ్డాక ఆ రంగు నలిగి పొడి అవుతుంది, ఆ మేరకు నట్టు వదులవుతుంది. నట్టు కింద నుంచి బయటికి సన్నగా తుప్పు గీతలు కనిపించాయంటే అక్కడ కదలిక మొదలైనట్టే. ఆనే ముఖాలకు పలచటి ప్రైమర్ చాలు, నట్టు గుంటలు ఇనుము కనబడేలా ఉంచండి.

ట్రైలర్‌కు వద్దాం. మార్కెట్లో ఎక్కువగా దొరికేది 40 అడుగుల ట్రైలర్. పాత కంటెయినర్ ట్రైలర్లు చవగ్గా కూడా వస్తాయి. మన పనికి అది తగదు. మలుపులో ట్రైలర్ వెనక చక్రాలు ట్రాక్టర్ దారి కంటే లోపలికి కోస్తాయి. కింగ్ పిన్ను (ట్రైలర్ ముందు అడుగున ఉండి ఫిఫ్త్ వీల్‌లో లాకయ్యే పిన్ను) నుంచి ట్రైలర్ ఇరుసుల మధ్యకు 9 మీటర్లుందనుకోండి. ట్రాక్టర్ 15 మీటర్ల వ్యాసార్థంతో గుండ్రంగా తిరుగుతూ పోతే ట్రైలర్ చక్రాలు 12 మీటర్ల వలయంలో తిరుగుతాయి, అంటే 3 మీటర్లు లోపలికి. అదే 5 మీటర్లుంటే కోత 90 సెంటీమీటర్ల లోపే. పూర్తి వలయం తిరగకుండా కొద్దిగా తిరిగే మలుపైతే ఈ కోత కొంత తగ్గుతుంది, కానీ పొడుగు ట్రైలర్‌కే ఎక్కువ ఉంటుంది. దోమలపెంట దాటాక శ్రీశైలం డ్యామ్ వైపు దిగే మలుపుల్లో గానీ, దేవరకొండ పక్క ఊళ్లలో బస్టాండు మూల తిరిగేటప్పుడు గానీ 3 మీటర్లంటే ఎదుటి బండి మీదికో, గోడ మీదికో పోవడమే. అందుకే 20 నుంచి 24 అడుగుల ఫ్లాట్ బెడ్, వెనక రెండు ఇరుసులు. మరో పాత జీపునో చిన్న లారీనో దాని మీద తీసుకుపోవడానికి అది చాలు.

కొనేముందు ఆరు కొలతలు రాసుకోండి. మొదటిది ట్రాక్టర్ పలక ఎత్తు, కొత్త టైర్లతో, సమతలం మీద. మామూలు ట్రైలర్లు 1150 నుంచి 1300 మి.మీ. ఎత్తు పలకకు చేసినవి. ఆరు చక్రాల డ్రైవ్ మిలిటరీ ట్రాక్టర్ తరచూ అంతకు మించి ఉంటుంది. అప్పుడు ట్రైలర్ ముక్కు పైకి లేచి, వెనక ఇరుసు మీద బరువు కూరుకుంటుంది. దీనికి ఛాసిస్ కోయడం మందు కాదు. ఫిఫ్త్ వీల్‌లోనే 150 నుంచి 300 మి.మీ. దాకా వేర్వేరు ఎత్తులు దొరుకుతాయి, తక్కువ ఎత్తుది వేసుకోవాలి. అది చాలకపోతే ట్రైలర్ కమాన్ పట్టీలకూ ఇరుసుకూ మధ్య దిమ్మెలు వేసి దాన్నే లేపాలి. పెద్ద టైర్లు వేస్తే ఇక్కడ ఇంకో 80 మి.మీ. కలుస్తుందని ఇప్పుడు మీకే అర్థమవుతుంది.

రెండోది కింగ్ పిన్ను లావు. 50 మి.మీ., 90 మి.మీ. అని రెండు రకాలు. చిన్న పిన్ను కొత్తగా 50.8 ఉంటుంది, అరిగి 49కి వస్తే మార్చాలి. పెద్దది 89 నుంచి 86కి వస్తే మార్చాలి. వెర్నియర్‌తో ముందు వెనకలుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలవండి, అరుగుదల ముందు వెనకల దిక్కునే ఎక్కువ. మూడోది ట్రైలర్ ముందు మూల తిరిగే వ్యాసార్థం. వెడల్పు 2.5 మీటర్లు, పిన్నుకు ముందు 90 సెంటీమీటర్లుంటే మూల 1.54 మీటర్ల వలయంలో తిరుగుతుంది. ముందు భాగం 1.6 మీటర్లుంటే అది 2.03 అవుతుంది. పలక మధ్య నుంచి క్యాబు వెనకున్న స్టెప్నీ, సైలెన్సర్ గొట్టం, ఎయిర్ పైపుల దాకా కొలిచి, పైన ఇంకో 15 సెంటీమీటర్లు ఖాళీ ఉంచుకోవాలి. నాలుగోది పిన్ను నుంచి ట్రైలర్ ముందు కాళ్ల దాకా. ట్రాక్టర్ వెనక మూల తిరిగేటప్పుడు ఆ కాళ్లకు తగలకూడదు. ఐదోది పిన్ను నుంచి ఇరుసుల మధ్యకు దూరం, ఆరోది హబ్బు పీసీడీ. ట్రైలర్ 335, ట్రాక్టర్ 285.75 అయితే స్టెప్నీలు రెండు రకాలు మోయక తప్పదు.

బరువు లెక్క ఇలా. ట్రైలర్ పిన్ను నుంచి ఇరుసుల మధ్యకు 5 మీటర్లు. మీద 6 టన్నుల పాత లారీ, దాని బరువు కేంద్రం పిన్నుకు 3 మీటర్ల వెనక. అయితే పిన్ను మీద పడేది 6ను 2తో గుణించి 5తో భాగిస్తే 2.4 టన్నులు. ట్రైలర్ సొంత బరువులో పిన్ను మీద పడేది 1.5 టన్నులనుకుంటే మొత్తం 3.9. ఫిఫ్త్ వీల్ వెనక ఇరుసుల మధ్యకు 30 సెంటీమీటర్ల ముందుంటే, 4.2 మీటర్ల వీల్‌బేసు (ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుల మధ్యకు దూరం) బండిలో ముందు ఇరుసుకు దాదాపు 280 కిలోలు వస్తాయి, మిగతా 3.6 టన్నులు వెనకకు. ఫిఫ్త్ వీల్‌ను ఇరుసుల మధ్యకు వెనకగా బిగిస్తే ముందు ఇరుసు తేలిపోయి, వాన నీళ్ల మీద స్టీరింగు పట్టు వదిలేస్తుంది.

బ్రేకుల్లో ఎం818కు గాలి సాయంతో నడిచే హైడ్రాలిక్ పద్ధతి ఉంది, ట్రైలర్‌కు మాత్రం పూర్తిగా గాలే. ఎర్ర పైపు సరఫరాకు, రెండోది బ్రేకు ఆజ్ఞకు. అమెరికా బండ్లలో ఆ రెండోదానికి నీలం రంగు, ఇప్పటి ట్రైలర్లలో పసుపు. కప్లింగులు కూడా వేరు, అడాప్టర్లు చేయించుకోవాలి. కరెంటు రెండు వైపులా 24 వోల్టులే కాబట్టి బల్బుల గొడవ లేదు. సాకెట్టు మాత్రం మిలిటరీది 12 పిన్నులది, మన ట్రైలర్లది 7 పిన్నులది.

కాగితాల గురించి ఒక్క మాట. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నియమం 50 ఏళ్లు దాటిన సొంత వాడకం టూవీలర్లకూ కార్లకూ మాత్రమే. ట్రక్కుకు అది వర్తించదు. ట్రైలర్‌కు వేరే నంబరు, వేరే కాగితం ఉండాలి. ఛాసిస్ నంబరు చెక్కిన చోట వెల్డింగు మచ్చ కనిపిస్తే ఎంత చవకైనా వదిలేయండి.

మొదటిసారి తగిలించేటప్పుడు ట్రైలర్ చక్రాలకు దిమ్మెలు వేసి, పలకకు గ్రీజు రాసి, ట్రైలర్ ముక్కును పలక కంటే కొంచెం కిందకు ఉంచి నెమ్మదిగా వెనక్కి రండి. ముక్కు ఎత్తుగా ఉంటే పిన్ను దాన్ని పట్టుకోవాల్సిన ఫిఫ్త్ వీల్ దవడల మీదుగా దాటిపోయి క్యాబును గుద్దుతుంది. లాకు పడ్డ చప్పుడు విని నమ్మకండి. లైటు పట్టుకుని కిందికి దూరి, దవడ పిన్ను మెడ చుట్టూ మూసుకుందా, పలకకూ ట్రైలర్‌కూ మధ్య సందు లేదా చూడండి. ట్రైలర్ కాళ్లు నేల మీదే ఉంచి, ట్రైలర్ బ్రేకు వేసి, కింది గేరులో రెండుసార్లు ముందుకు లాగి చూడండి. తర్వాత ఎయిర్ పైపులు తగిలించి, ట్యాంకులు నింపి, ఇంజిన్ ఆపి, పెడలు నిమిషం పాటు తొక్కి పట్టుకోండి. గాలి ఒత్తిడి మీటరు ముల్లు 4 పీఎస్ఐ కన్నా ఎక్కువ పడితే ఎక్కడో కారుతున్నట్టే. సబ్బు నీళ్లతో వెతికి ఆపాకే కాళ్లు పైకెత్తాలి.