అందరూ అమ్మేవాళ్లే ఉన్న సంత

శ్రోతలకు నమస్కారం.

కొత్తగా వెబ్‌సైటు పెట్టినవాళ్లందరి బెంగ ఒకటే. సైటైతే పెట్టాం, చూసేవాళ్లేరి? గూగుల్లో వెతికితే మన పేరు ఎక్కడో అడుగున ఉంటుంది. ప్రకటనలు వేద్దామంటే చేతిలో డబ్బు లేదు. సరిగ్గా అప్పుడే ట్రాఫిక్ ఎక్స్ఛేంజీలు కంట పడతాయి. "మీరు వేరేవాళ్ల సైట్లు చూడండి, వాళ్లు మీ సైటు చూస్తారు, పైసా ఖర్చు లేదు" అంటాయి. ఆ మాట అబద్ధమేం కాదు. నిజంగానే చూస్తారు. ఎవరు చూస్తారు, ఎలా చూస్తారు అన్నదే ఇవాళ్టి మన కబురు.

ముందు ఇది నడిచే తీరు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఖాతా తెరిచి మీ సైటు చిరునామా ఇస్తారు. "సర్ఫ్" అన్న బటన్ నొక్కగానే తెర మీద ఎవరిదో పేజీ వస్తుంది. పైన సన్నటి పట్టీ, అందులో ఒక టైమరు. కొన్నిచోట్ల 6 సెకన్లు, కొన్నిచోట్ల 15, 20, 30 కూడా ఉంటుంది. టైమరు సున్నాకి రాగానే చిన్నచిన్న బొమ్మలు కనిపిస్తాయి, వాటిలో అడిగిన బొమ్మ నొక్కాలి. అక్కడ కూర్చున్నది మనిషేనా, ప్రోగ్రామా అని తేల్చుకోవడానికి ఆ పరీక్ష. సరిగ్గా నొక్కితే మీ ఖాతాలో క్రెడిట్ పడుతుంది, ఆ వెంటనే ఇంకొకరి పేజీ వస్తుంది. మీ దగ్గరున్న క్రెడిట్లను బట్టి మీ పేజీ కూడా ఇలాగే వేరేవాళ్ల తెర మీదకి వెళ్తుంటుంది.

ఎక్కువచోట్ల లెక్క రెండుకి ఒకటి. మీరు 2 పేజీలు చూస్తే మీ పేజీ ఒక్కసారి చూపిస్తారు. మరి మిగతా సగం ఏమైపోతోంది? అది ఎక్స్ఛేంజీ వాళ్లు ఉంచుకుంటారు. డబ్బిచ్చి క్రెడిట్లు కొనేవాళ్లకి అమ్ముకుంటారు. ఈ కిటుకు పాతదే. 1996లో టోనీ షే, సంజయ్ మదన్ కలిసి అమెరికాలో లింక్‌ఎక్స్ఛేంజ్ అని పెట్టారు. అందులో పేజీల బదులు బ్యానర్లు, అంటే చిన్న ప్రకటన బొమ్మలు, మార్చుకునేవాళ్లు. మీ సైటులో వేరేవాళ్ల బ్యానర్ 2 సార్లు కనిపిస్తే మీ బ్యానర్ ఇంకెక్కడో ఒకసారి కనిపించేది. మిగిలిన చోటు కంపెనీ ప్రకటనలకి అమ్ముకునేది. రెండేళ్లు తిరిగేసరికి, 1998లో, మైక్రోసాఫ్ట్ దాన్ని 26.5 కోట్ల డాలర్లకి కొనేసింది. పైసా ఖర్చు లేదన్న మాట వెనక ఇంత వ్యాపారం ఉంది. అందులో తప్పేం లేదు, కానీ సంగతి తెలిసి దిగడం మంచిది.

ఇప్పుడు అసలు సంగతి. మీ పేజీ చూస్తున్నది ఎవరు? మీలాగే క్రెడిట్ల కోసం కూర్చున్న ఇంకో సైటు యజమాని. అతని చూపు మీ పేజీ మీద లేదు, పైన టైమరు మీద ఉంది. అది ఎప్పుడు సున్నాకొస్తుందా, ఎప్పుడు బొమ్మ నొక్కుదామా అని చూస్తున్నాడు. అందరూ అమ్మేవాళ్లే, కొనేవాళ్లు లేని సంత ఇది. అలాంటి సంతకి బుట్టెడు కూరగాయలు తెచ్చి లాభం లేదు. అమ్మేవాడికేం కావాలి? తక్కెడ కావాలి, సంచులు కావాలి, నీడకి పట్టా కావాలి. అవి తెచ్చినవాడి దగ్గర బేరం అవుతుంది.

ఆత్రేయపురం పూతరేకులు అమ్మే సైటుంది అనుకోండి. ఎక్స్ఛేంజీలో పెడితే చూసేది బ్రెజిల్లోనో, రష్యాలోనో, ఇండోనేషియాలోనో ఉన్న సైటు యజమాని. పూతరేకు అంటే ఏమిటో అతనికి తెలీదు, తెలిసినా అక్కడికి పార్సిల్ వెళ్లదు. వెయ్యిమంది చూసినా ఒక్క పెట్టె కదలదు. ఇలాంటి సైటున్నవాళ్లు ఎక్స్ఛేంజీల జోలికి పోకపోవడమే మేలు. ఆ సమయంలో నాలుగు మంచి ఫొటోలు తీసుకుని, గూగుల్ మ్యాప్స్‌లో దుకాణం పేరు నమోదు చేసుకుంటే నయం.

ఇప్పుడు ఇంకో ఉదాహరణ. దీన్ని నిదానంగా చెప్తాను, ఎందుకంటే మిగతా ప్రసంగమంతా ఇందులోనే ఉంది.

తెనాలిలో ఒకమ్మాయి ఉందనుకుందాం. ఇంటి నుంచే బ్యానర్లు, లోగోలు చేస్తుంది. ఎక్స్ఛేంజీలో ఉన్న ప్రతివాడికీ బ్యానర్ కావాలి. ఎందుకంటే ఈ ఎక్స్ఛేంజీల్లో పేజీలతోపాటు బ్యానర్లకీ చోటుంటుంది. మామూలుగా వాడే సైజులు రెండు. వెడల్పు 468 పిక్సెళ్లు, ఎత్తు 60 ఉన్న పొడుగు పట్టీ ఒకటి. 125 బై 125 నలుచదరపు బొమ్మ ఇంకోటి. చాలామంది బ్యానర్లు చూస్తే జాలేస్తుంది. అక్షరాలు ఇరుక్కుపోయి, రంగులు గొడవపడుతూ ఉంటాయి. అంటే ఈ అమ్మాయి సరుకు ఈ సంతకి సరిపోయిన సరుకు.

అయితే ఆమె తన సైటు మొదటి పేజీని అక్కడ పెట్టకూడదు. అందరూ చేసే తప్పు ఇదే. మొదటి పేజీలో "మా గురించి" ఉంటుంది, పైన మెనూ ఉంటుంది, చేసిన పనుల ఫొటోలు ఇరవై ఉంటాయి. టైమరు వంక చూస్తున్నవాడు వాటిలో ఒక్కటీ చదవడు. ఎక్స్ఛేంజీ కోసం విడిగా ఒక పేజీ చేయాలి. దీన్ని స్ప్లాష్ పేజీ అంటారు. ఆ పేజీలో ఉండాల్సినవి నాలుగే నాలుగు. పెద్ద అక్షరాల్లో శీర్షికగా ఒక్క వాక్యం: "మీ బ్యానర్ కోసం 5 టెంప్లేట్లు (పేరు మార్చుకుని వాడుకునే నమూనాలు), ఉచితం". చూసేవాళ్లు తెలుగువాళ్లు కారు కాబట్టి ఆ వాక్యం ఇంగ్లీషులోనే ఉండాలి, ఏడెనిమిది మాటలు దాటకూడదు. దాని కింద ఒక్క బొమ్మ: ఎడమ పక్కన పాత బ్యానర్, కుడి పక్కన దాన్నే బాగుచేసిన బ్యానర్. దాని కింద ఈమెయిల్ రాసే గడి. దాని కింద బటన్. అంతే. మెనూ వద్దు, పాట వద్దు, దానంతటదే మొదలయ్యే వీడియో వద్దు. స్క్రోల్ చేస్తే గానీ కనిపించనిది ఏదైనా లేనట్టే. పైన పట్టీ కొంత చోటు తినేస్తుంది కదా, అందుకని చిన్న ల్యాప్‌టాప్ తెర మీద కూడా గడీ, బటనూ రెండూ కనిపిస్తున్నాయో లేదో ఆమె చూసుకోవాలి.

పేజీ బరువు కూడా చూసుకోవాలి. 15 సెకన్ల టైమరులో పేజీ తెరుచుకోవడానికే 8 సెకన్లు పడితే మిగిలేది 7. బొమ్మను కుదించి మొత్తం పేజీని 300 కిలోబైట్ల లోపు ఉంచితే బాగుంటుంది. ఫోనుతో తీసిన 2 మెగాబైట్ల ఫొటోని యథాతథంగా పెడితే, 1000 మంది చూసేసరికి 2 గిగాబైట్లు ఖర్చయిపోతాయి. సైటుకి చోటిచ్చే హోస్టింగ్ కంపెనీ చవకరకందైతే వాళ్ల నుంచి ఫోనొస్తుంది.

ఎందుకు ఈమెయిలే అడగాలి, నేరుగా బ్యానర్ అమ్మకూడదా అంటారేమో. 15 సెకన్లలో ఎవరూ జేబులో చెయ్యి పెట్టరు. ఈమెయిలైతే 5 సెకన్ల పని. ఆ ఈమెయిల్ చేతికొచ్చాక తీరిగ్గా మాట్లాడొచ్చు. ముందు "ఈ ఈమెయిల్ మీదేనా" అని ధ్రువీకరణ లింకు వెళ్లాలి. ఇది తప్పనిసరి, ఎందుకంటే ఎక్స్ఛేంజీల్లో తిరిగేవాళ్లు దొంగ ఈమెయిల్స్ చాలా ఇస్తారు. లింకు నొక్కినవాళ్లకి టెంప్లేట్లు. నాలుగు రోజులాగి, బ్యానర్లో అక్షరాలు ఎంత పెద్దవుండాలో చెప్పే చిన్న ఉత్తరం. ఇంకో వారానికి, "మీకోసం నేనే చేసిస్తాను, ధర ఇంత" అని మూడో ఉత్తరం. ఆమెకి బేరం కుదిరితే అక్కడ కుదురుతుంది, స్ప్లాష్ పేజీ మీద కాదు.

ఇక గంటల లెక్క. టైమరు 15 సెకన్లు, పేజీ రావడానికీ బొమ్మ నొక్కడానికీ ఇంకో 5. మొత్తం 20 సెకన్లు. గంటకి 180 పేజీలు చూస్తుంది. రెండుకి ఒకటి లెక్కన 90 సార్లు తన పేజీ కనిపిస్తుంది. రోజుకి అరగంట కేటాయిస్తే 45 సార్లు. వందమందిలో ఒక్కరు ఈమెయిల్ ఇచ్చారనుకుందాం. అంటే గంటసేపు కూర్చుంటే ఒక ఈమెయిల్ కూడా పూర్తిగా రాలేదన్నమాట. ఈ లెక్క వేసుకోకుండా దిగినవాళ్లే నెల తిరక్కుండా విసిగి మానేస్తారు.

మరి అంత కష్టం దేనికి? పరీక్షకి. ఎక్స్ఛేంజీ వల్ల నాకు కనిపించే గట్టి ప్రయోజనం ఇదొక్కటే. రెండు శీర్షికలు రాసి, రెండు పేజీలు చేసి, ఒక్కోటి 500 సార్లు చూపించాలి. రోజుకి 45 చొప్పున ఇది మూడు వారాల పని. ఒకదానికి 5 ఈమెయిల్స్, ఇంకోదానికి 6 వస్తే తేడా లేనట్టే, అది గాలివాటం. ఒకదానికి 3, ఇంకోదానికి 12 వస్తే మాత్రం రెండో శీర్షికలో విషయముంది. రేపు డబ్బు పెట్టి ప్రకటన వేసేటప్పుడు ఆ శీర్షికతో మొదలుపెట్టొచ్చు.

పరీక్ష నిలవాలంటే ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో తెలియాలి. ప్రతి ఎక్స్ఛేంజీకీ, ప్రతి పేజీకీ చిరునామా చివర వేరే యూటీఎం గుర్తు, అంటే ఎక్కడి నుంచి వచ్చారో చెప్పే చిన్న తోక, తగిలించాలి. సైటుకి వచ్చేవాళ్లని లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్ వాడేవాళ్లకి ఇక్కడ ఒక హెచ్చరిక. ఇప్పటి అనలిటిక్స్ 10 సెకన్లు దాటి ఉన్న సందర్శనని "ఎంగేజ్డ్ సెషన్", అంటే శ్రద్ధగా చూసిన సందర్శన, అని లెక్కేస్తుంది. టైమరు 15 సెకన్లున్న ఎక్స్ఛేంజీ నుంచి వచ్చినవాడు ఎలాగూ 10 దాటతాడు, మీ పేజీ నచ్చి కాదు, టైమరు వదలక. రిపోర్టు కళకళలాడుతుంది. దాన్ని చూసి మురిసిపోవద్దు. లెక్కపెట్టాల్సింది ధ్రువీకరించిన ఈమెయిల్స్, అవి మాత్రమే.

చాలామంది తడబడే చోట్లు ఇంకొన్ని ఉన్నాయి. క్రెడిట్లు సంపాదించి, వాటిని సైటుకి కేటాయించడం మర్చిపోతారు. ఖాతాలో వందల క్రెడిట్లుంటాయి, పేజీ ఒక్కసారీ కనిపించదు. సెట్టింగుల్లో ఆటో అసైన్ (క్రెడిట్లని దానంతటదే కేటాయించేది) అన్నది ఉంటే మొదటిరోజే పెట్టుకోవాలి. రెండోది ఫ్రేము. ఎక్స్ఛేంజీ మీ పేజీని తన పట్టీ కింద ఒక ఫ్రేములో చూపిస్తుంది. మీ సైటులో ఏదైనా సెక్యూరిటీ ప్లగిన్ "ఎక్స్-ఫ్రేమ్-ఆప్షన్స్" అన్న అడ్డు పెట్టి ఉంటే, అక్కడ తెల్ల కాగితం తప్ప ఏమీ కనిపించదు. ఆ ఒక్క పేజీకి అడ్డు తీయాలి, సైటు మొత్తానికి తీయకూడదు. ఫేస్‌బుక్ పేజీని ఎక్స్ఛేంజీలో పెడదామనుకునేవాళ్లకి పని జరగనిది కూడా ఇందుకే. మూడోది, ఎక్స్ఛేంజీ చిరునామా హెచ్‌టీటీపీఎస్‌తో మొదలై, మీది అలా మొదలవకపోతే బ్రౌజరే ఆపేస్తుంది.

ఒకేసారి నాలుగు ఎక్స్ఛేంజీలు నాలుగు ట్యాబుల్లో తెరిచి చకచకా నొక్కుకుంటూ పోయేవాళ్లున్నారు. క్రెడిట్లు గబగబా వస్తాయి, నిజమే. అవతలివాడు కూడా అదే పని చేస్తున్నాడు, అందుకే మీ పేజీ ఎవరూ చూడని ట్యాబులో తెరుచుకుని మూసుకుపోతోంది.

ఆటోసర్ఫ్ అయితే ఇంకా అన్యాయం. అక్కడ నొక్కే పనే లేదు, పేజీలు వాటంతటవే మారుతుంటాయి, యజమాని భోజనానికి వెళ్లి ఉంటాడు. అడవి గాచిన వెన్నెల. దాని జోలికి అసలు వెళ్లకండి. అందులోనూ డబ్బు కడితే రోజూ ఇంత ఇస్తామనే ఆటోసర్ఫ్‌ల దగ్గర రెట్టింపు జాగ్రత్త కావాలి. అమెరికాలో 12డైలీప్రో అని ఒకటుండేది. కట్టిన సొమ్ము మీద రోజుకి 12 శాతం చొప్పున 12 రోజులు ఇస్తామంది. 2006 ఫిబ్రవరిలో అక్కడి ఎస్‌ఈసీ, అంటే మన సెబీ లాంటి సంస్థ, అది పోంజీ పథకమని కోర్టుకెక్కింది. అప్పటికే 3 లక్షల మందికి పైగా 5 కోట్ల డాలర్లకు పైగా కట్టారని చెప్పింది. కొత్తగా చేరేవాళ్ల డబ్బు పాతవాళ్లకి పంచుతూ వచ్చారు, అంతకుమించి అక్కడ వ్యాపారం లేదు.

మీ సైటులో గూగుల్ యాడ్‌సెన్స్ ప్రకటనలు, అంటే మీకు డబ్బు తెచ్చేలా గూగుల్ వేసే ప్రకటనలు, ఉంటే ఇంకో మాట, ఇది రెండుసార్లు చెప్తాను. యాడ్‌సెన్స్ ఉన్న పేజీని ట్రాఫిక్ ఎక్స్ఛేంజీలో పెట్టకండి. యాడ్‌సెన్స్ ఉన్న పేజీని ట్రాఫిక్ ఎక్స్ఛేంజీలో పెట్టకండి. వాళ్ల నిబంధనల్లో ఇది నిషేధం. ఖాతా పోతే తిరిగి రావడం కష్టం. స్ప్లాష్ పేజీ విడిగా చేయమన్నది ఇందుకు కూడా. పోనీ గూగుల్ వెతుకులాటలో మన సైటు పైకి వస్తుందేమో అన్న ఆశా వద్దు. చూసినవాడు మీ సైటుకి లింకు ఇవ్వడం లేదు కదా.

సర్ఫింగ్‌కి బ్రౌజర్లో విడి ప్రొఫైల్ పెట్టుకోండి, బ్యాంకు పనులున్న ప్రొఫైల్ వద్దు. ఊరూ పేరూ తెలియనివాళ్ల పేజీలు గంటకి 180 తెరుస్తున్నారు మరి. నోటిఫికేషన్లకి అనుమతి ఇమ్మంటే ఇవ్వకండి, ఏదీ డౌన్‌లోడ్ చేయకండి. నమోదుకి ఒక విడి ఈమెయిల్ తీసుకోండి, లేకపోతే మీ అసలు ఇన్‌బాక్సులో ప్రకటనలే ఉంటాయి.

నెలనెలా డబ్బు కడితే ఒకటికి ఒకటి లెక్కన ఇస్తామని అడుగుతుంటారు. కనీసం 1000 సార్లు మీ పేజీ కనిపించి, ధ్రువీకరించిన ఈమెయిల్స్ ఎన్నో తేలేదాకా కట్టకండి. 1000 సార్లకి ఒక్కటీ రాకపోతే శీర్షిక మార్చి ఇంకోసారి చూడండి, అప్పటికీ రాకపోతే ఆ ఎక్స్ఛేంజీ వదిలేయండి. వదిలేసేముందు మిగిలిన క్రెడిట్లన్నీ గెలిచిన శీర్షిక ఉన్న పేజీకి కేటాయించి వెళ్లండి. చాలా రోజులు లాగిన్ కాకపోతే కొన్ని ఎక్స్ఛేంజీలు మీ పేజీని చూపించడం ఆపేస్తాయి. అందుకని క్రెడిట్లు అయిపోయేదాకా వారానికోసారైనా లాగిన్ అవుతూ ఉండండి.

సెలవు, నమస్కారం.