బీపీ చూసే ముందు ఒక్క మాట

"పేషెంట్‌తో నవ్వుతూ మాట్లాడితే చాలదా, దానికీ ట్రైనింగా?" నర్సులకి ట్రామా ఇన్ఫార్మ్‌డ్ కేర్ తప్పనిసరి చేయాలని అన్నప్పుడల్లా ఇదే ప్రశ్న. అంటే, మనిషి ఇదివరకే హింసో భయమో పడి ఉండొచ్చని గుర్తుపెట్టుకుని, చెప్పి, అడిగి వైద్యం చేయడం. ట్రామా అనగానే యాక్సిడెంట్ వార్డు గుర్తొచ్చే వాళ్లు సరేసరి. చిరాకొచ్చి ఇవాళ బీపీ మిషన్ తెచ్చుకున్నా.

(కఫ్ చేతికి చుట్టుకుంటూ)

గాలి ఎక్కుతుంది, బిగుస్తుంది, వదులుతుంది. మనకి మామూలే. రాత్రి ఇదే చేతిని మొగుడు మెలితిప్పిన మనిషికి? పొద్దున్నే ఎవరో వచ్చి, పేరైనా పిలవకుండా, ఆ జబ్బ మీదే పట్టీ చుట్టేశారు. ఆమె చెయ్యి లాక్కుంది. కేస్ షీట్‌లో ఏం రాస్తారు? "సహకరించడం లేదు." బీపీ కూడా ఎక్కువే చూపిస్తుంది లెండి, దానికో మాత్ర!

ఆ సిస్టర్ చెడ్డమనిషి కాదు. నవ్వుతూనే చుట్టింది. కావాల్సింది ఇది: "అమ్మా, బీపీ చూస్తాను. ఏ చేతికి చూడమంటారు? కాస్త బిగుస్తుంది, వద్దంటే వెంటనే గాలి తీసేస్తా." పట్టుమని పది సెకన్లు పట్టదు. ఇంట్లో ఏం జరిగిందని కూపీ లాగక్కర్లేదు. గ్లౌజులు హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల దగ్గరే వేసుకుంటామా? ఇదీ అంతే. ఎవరి చెయ్యి మెలిపడిందో తెలియదు కాబట్టే అందరినీ అడగడం.

ఇప్పుడు లేబర్ రూమ్‌కి రండి. కఫ్‌కే చెయ్యి లాక్కున్న మనిషి లోపలి పరీక్షకి కాళ్లు ముడుచుకోదా? దానికి "అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకు" అనే డైలాగ్ వినని వాళ్లుంటే కామెంట్ పెట్టండి.

రూల్స్ లేవా అంటే ఉన్నాయి. లైంగిక దాడి బాధితుల వైద్యానికి కేంద్ర ఆరోగ్యశాఖ 2014లోనే మార్గదర్శకాలిచ్చింది. పరీక్షకి సమ్మతి కావాలి, లైంగిక సంబంధం అలవాటుందా అని యోనిలో వేళ్లు పెట్టి చూసే 'రెండు వేళ్ల పరీక్ష' చేయకూడదు. అయినా 2022లో సుప్రీంకోర్టు అదే మాట మళ్లీ చెప్పాల్సొచ్చింది. చేసినవాళ్లది దుష్ప్రవర్తనే అంది, వైద్య సిబ్బందికి వర్క్‌షాపులు పెట్టమంది. చూశారా, సర్క్యులర్‌తో చేతుల అలవాటు మారదు!

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. పీపీటీ చూపించి సర్టిఫికెట్ పంచే ఒక్కరోజు ట్రైనింగ్ నాకు దండగ అనిపిస్తుంది. స్టూడెంట్స్ ఎలాగూ బీపీ ఒకరి మీద ఒకరు నేర్చుకుంటారు, ఈ మాటా అక్కడే నేర్పండి. వద్దంటే నిజంగా ఆపడం కూడా. డాక్టర్లకీ పెట్టండి, నర్సుల నెత్తినే రుద్దకండి. నైట్ డ్యూటీలో ఒక్క సిస్టర్‌కి వార్డంతా అప్పజెబితే ఆ పది సెకన్లు కూడా మిగలవు, దాని మీద ఇంకో వీడియో చేస్తా.